పెద్దపీట దిగిన మనిషి

లోసలీనెకి కోపం ఎక్కువని ఆక్లండ్ శివార్లలో, టోంగా దీవుల వాళ్ళుండే మాంగెరెలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ కోపానికి ప్రతిసారీ ఒక కారణం ఉండేదని మాత్రం ఎవరూ చెప్పరు. వినే ఓపిక లేక, ఆ మనిషి స్వభావమే అంత అని తేల్చేశారు. స్వభావం అనేస్తే ఇక ఎవరూ సమాధానం చెప్పుకోనక్కర్లేదు కదా.

ఆమె స్కూలు బస్సు నడిపేది. వెనక సీట్లో ఎవరు ఎవరి జడ లాగుతున్నారో అద్దంలోంచి కనిపెట్టి, లాగినవాడి పేరు, వాడి నాయనమ్మ పేరు, ఆ నాయనమ్మ ఏ దీవి నుంచి వచ్చిందో కూడా కలిపి తిట్టిపోసేది. పిల్లలు ఆంటీ లోసా అనేవాళ్ళు. దిగేటప్పుడు థాంక్యూ చెప్పకపోతే తలుపు తెరిచేది కాదు. నలభై ఆరేళ్ళ మనిషి. మొగుడు సిడ్నీలో పని చూసుకుంటానని వెళ్ళి, అక్కడే ఇంకో కాపురం చూసుకున్నాడు. పిల్లలు లేరు. ముసలి తల్లి పెలెనైసెతో కలిసి ఉండేది. మొగుడి గురించి ఎవరైనా జాలిపడబోతే, "వాడు పోయాక ఇంట్లో గురక తగ్గింది, గిన్నెలో కూర మిగులుతోంది, నువ్వెందుకు ఏడుస్తావు?" అనేది.

ఆ చలికాలం ఆమెకి ఒళ్ళు బరువెక్కింది. పళ్ళు తోముకుంటే నెత్తురు. తొడల మీద, తను ఎక్కడా కొట్టుకోకుండానే, నల్లని కముకు దెబ్బలు. తల్లి ఆకు పసరు తాగించింది. పక్కింటావిడ నూనె రాసి ఒళ్ళు పట్టింది. పట్టినచోటల్లా కొత్త మచ్చలు తేలాయి. పెద్దన్న ఫెలెతి చర్చిలో పెద్దమనిషి, పాటల బృందానికి నాయకుడు. ఆదివారం సాధనకి రావడం మానేశావు కాబట్టే నీరసం అని నిర్ధారించాడు.

"పాడకపోతే చిగుళ్ళలో నెత్తురొస్తుందా అన్నయ్యా? అలాగైతే సాధన ఎగ్గొట్టే నీ మగ గొంతులన్నిటికీ ఈపాటికి పళ్ళూడిపోవాలి" అంది లోసలీనె.

ఒక సోమవారం పొద్దున, బస్సు నిండా పిల్లలుండగా, ఆమెకి రోడ్డు రెండుగా కనపడింది. బస్సుని పక్కకి తీసి ఆపింది. బ్రేకు వేసింది. ఇంకో డ్రైవరుని పంపమని ఆఫీసుకి ఫోను చేసింది. "ఎవడైనా సీట్లోంచి లేచాడో!" అని అద్దంలోకి అరిచింది. ఆ తర్వాత స్టీరింగు మీద వాలిపోయింది. ఒక్కడూ లేవలేదు.

ఆసుపత్రిలో డాక్టర్ హెన్‌షా మెత్తగా మాట్లాడే రకం కాదు. లోసలీనెకి ఆమె నచ్చడానికి మొదటి కారణం అదే.

"ఇది నెత్తుటి కేన్సర్. నెమ్మదిగా సాగే రకం కాదు, ఉన్నపళంగా ముదిరేది. ఇవాళే మందు మొదలుపెట్టాలి."

"బతుకుతానా?"

"తెలీదు. దేని మీద ఆధారపడి ఉంటుందో మాత్రం చెప్పగలను. మీకింకా అరవై రాలేదు, అది మీకు కలిసొచ్చే విషయం. గుండె, మూత్రపిండాలు గట్టిగా ఉన్నాయి, అదీ మంచిదే. షుగరుంది, అది ఇబ్బంది. మీరొచ్చేసరికే నెత్తుట్లో తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయాయి, అదీ బాగాలేదు. వీటన్నిటికంటే పెద్దది ఇంకోటుంది. జబ్బుపడ్డ కణం లోపల క్రోమోజోములు ఎలా తెగి ఎలా అతుక్కున్నాయన్నది. ఆ పరీక్ష ఇంకా రావాలి. ఆ తర్వాత, మొదటి విడత మందుకి జబ్బు ఎంతవరకు లొంగిందన్నది చూడాలి."

"ఇందులో నేను చెయ్యాల్సిందేమిటి?"

"మందు ఎక్కించుకోవడం. నోరు శుభ్రంగా ఉంచుకోవడం. జ్వరమొస్తే వెంటనే చెప్పడం. మిగతాది మీ చేతిలో లేదు."

లోసలీనెకి ఆ మాట తేనెలా అనిపించింది. ఎందుకంటే ఆ గదిలోకి వచ్చిన మిగతావాళ్ళందరూ అంతా ఆమె చేతిలోనే ఉందని చెప్పి పోతున్నారు. ధైర్యంగా ఉండాలట. నవ్వుతూ ఉండాలట. కోపం తగ్గించుకుంటే నెత్తురు శుభ్రపడుతుందట. పోరాడాలట. పక్క మంచం మీద పాతికేళ్ళ కుర్రాడు, రగ్బీ ఆడినవాడు, వచ్చినవాళ్ళందరినీ తనే నవ్వించి పంపేవాడు; ఒక వారాంతం వాడి మంచం ఖాళీ అయింది, దుప్పటి మార్చారు. ధైర్యానికి అంత బలముంటే వాడు ఈపాటికి మైదానంలో ఉండాలి. లేకపోతే వాడు సరిగా పోరాడలేదని అర్థమా? ఆ మాట వాడి తల్లి ముందు అనగలవాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మనండి. నవ్వే మొహం పెట్టమని బోధించడానికి వచ్చిన చర్చి ఆడవాళ్ళని లోసలీనె ఆ రోజు మొహం మీదే పొమ్మంది. "నేను ఏడిస్తే నా కణాలకి వినపడదు. నవ్వినా వినపడదు. మీకు వినపడుతుంది కాబట్టి మీరు బయటికి పోండి."

మొదటి విడతకి జబ్బు లొంగింది. జుట్టు రాలింది, నోరంతా పూసింది, గోళ్ళు నల్లబడ్డాయి, కానీ లొంగింది. ఫెలెతి గది గుమ్మం దగ్గర నిలబడి హల్లెలూయా అన్నాడు. మర్నాడు క్రోమోజోముల పరీక్ష వచ్చింది.

"ఇది తిరిగొచ్చే రకం. మందుతో అణిగింది, పోలేదు" అంది డాక్టరు. "ఇంకోరి మూలకణాలు ఎక్కిస్తే తప్ప నిలవదు. దాతల పట్టికలో మీ దీవుల వాళ్ళు చాలా తక్కువ. వెతికించాను, మీకు కలిసేవాళ్ళు దొరకలేదు. సగం కలిసినవాళ్ళతో కూడా ఇప్పుడు చేస్తున్నాం, కానీ ముందు పూర్తిగా కలిసేవాళ్ళ కోసం చూడాలి. తోడబుట్టినవాళ్ళలో దొరికే అవకాశం ఎక్కువ. మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎవరైనా?"

"ముగ్గురు అన్నలు" అంది లోసలీనె, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

అన్నలు ముగ్గురూ ఆ మర్నాడే దిగారు, పెళ్ళాలతో, చిలగడదుంపలతో, కొబ్బరిపాలలో ఉడికిన ఆకు పొట్లాలతో. చెల్లెలి మంచం దగ్గరకి మాత్రం రాలేదు. టోంగాలో పెరిగిన మగవాడు చెల్లెలు పడుకున్న గదిలో అడుగుపెట్టడు, ఆమె ఒంటి సంగతి ఆమె ముందు ఎత్తడు. అందుకని వరండాలో కుర్చీలు వేసుకుని, గోడ వైపు మొహం పెట్టి, నాలుగు గొంతుల పాట ముగ్గురే అందుకున్నారు. నర్సులు కళ్ళు తుడుచుకున్నారు. అన్నలు చేతులు చాపి పరీక్షకి నెత్తురిచ్చారు. నెత్తురు తీస్తుంటే నడిమివాడు కళ్ళు తిరిగి పడ్డాడు. లోసలీనె లోపల్నుంచి, "వాణ్ణి పడుకోబెట్టండి, వాడు ఇంజెక్షనంటే చిన్నప్పుడూ అంతే" అని అరిచింది.

ఫలితం రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చాక డాక్టరు తలుపు వేసి కుర్చీ లాక్కుంది.

"మీ అన్నలు ముగ్గురికీ ఒకరితో ఒకరికి పోలిక ఉంది. మీకూ వాళ్ళకీ మాత్రం, తోడబుట్టినవాళ్ళకి ఉండాల్సినంత లేదు. అడగక తప్పదు కాబట్టి అడుగుతున్నాను. మీ అమ్మగారు మిమ్మల్ని..."

లోసలీనె ఆమె వైపు చూసింది. తర్వాత, వేడి గిన్నె పట్టుకున్నట్టు, మంచం కమ్మీ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"ఆవిడ నా మేనత్త. మా నాన్న అక్క. నన్ను అడిగి తెచ్చుకుంది."

"మీకు తెలుసా?"

"చిన్నప్పట్నుంచీ తెలుసు. అందరికీ తెలుసు."

"మరి నెల దాటింది! ఆ ముగ్గురి నెత్తురూ తీశాం, పంపాం, ఎదురుచూశాం! ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడిగింది నాకు అన్నదమ్ములున్నారా అని. ఉన్నారు." ఆమె గొంతు పెరిగింది. "వాళ్ళు నాకు అన్నలు కాదని ఎవడైనా అంటే పళ్ళు రాలగొడతాను. మీతో సహా."

డాక్టరు చేతిలో కాగితాలు మడిచి పక్కన పెట్టింది. "సరే. మీ అన్నలే. నన్ను మన్నించండి. మీరు పుట్టిన కడుపునే పుట్టినవాళ్ళు ఇంకెవరైనా?"

"ఒకతె. నా తర్వాతది."

"ఎక్కడుంది? టోంగాలోనా?"

"ఒతాహుహులో."

ఒతాహుహు ఆ కిటికీలోంచి చూస్తే కనపడేంత దూరం. డాక్టరు నోట ఒక తిట్టు వచ్చింది. ఆమె లోసలీనెకి నచ్చడానికి రెండో కారణం అది.

జరిగిందిది. ఆ దీవుల్లో అన్నదమ్ముల ఇళ్ళ మీద ఆడపడుచుదే పైచేయి. ఆ స్థానాన్ని ఫహు అంటారు. ఆమె, ఆమె పిల్లలు మేనమామ ఇంటికొచ్చి పెరట్లో నచ్చిన పందిపిల్లని చంకన పెట్టుకుపోయినా ఎవరూ నోరెత్తరు, నోరెత్తడం సిగ్గుమాలినతనం. పెలెనైసెకి వరసగా ముగ్గురు కొడుకులు. ఆడపిల్ల లేదు. తమ్ముడు మాకా పెళ్ళాం కడుపుతో ఉంటే, ఆడపిల్ల పుడితే అది నాది అంది. పుట్టింది. పాలు మరవకముందే పట్టుకుపోయి ఆక్లండ్ విమానం ఎక్కింది. ఏడాది తిరక్కుండా మాకాకి ఇంకో ఆడపిల్ల పుట్టింది, తోకిలుపె. దాన్ని ఎవరూ అడగలేదు. అక్కడ మేనత్త పిల్లలంటే అన్నదమ్ములే, బావలు కాదు. కాబట్టి లోసలీనె ముగ్గురన్నల ముద్దుల చెల్లెలయింది. పుట్టింటికి ఫహు అయింది. కన్నతండ్రి తన ముందు కింద కూర్చునే స్థానం అది.

పెంపకం మీద ఆమెకి కోపం లేదు. కోపమంతా చావు దగ్గర మొదలైంది.

మాకా ముసలితనంలో ఒతాహుహులో తోకిలుపె దగ్గరకొచ్చి, ఆరేళ్ళ కిందట అక్కడే పోయాడు. శవం తలదగ్గర ఆడపడుచుకి పెద్దపీట. పెలెనైసె మోకాళ్ళు వంగవు కాబట్టి కూతురు లోసలీనెని కూర్చోబెట్టింది. చావింట అందరూ చాపలు కట్టుకుంటారు; ఆమె నడుముకి సన్నని, తెల్లని, ఖరీదైన చాప చుట్టింది. చచ్చినవాడి పిల్లలు మాత్రం ఆ ఇంట్లో అందరికంటే కింద. నడుం నుంచి చెవుల దాకా వచ్చే పెద్ద ముతక చింకి చాపల్లో మునిగిపోయి, పెరట్లో పొగలో వంట చూసుకోవాలి. చావు గుర్తుగా వాళ్ళ జుట్టు కత్తిరించేది కూడా ఆ పీట మీద మనిషే. లోసలీనె తన తండ్రి శవం పక్కన అతిథిలా కూర్చుంది. కళ్ళు నిండుతుంటే పెలెనైసె చెవిలో అంది: "కూతురిలా భోరుమనకు. పీట మర్యాద పోతుంది." ఆమె భోరుమనలేదు. కత్తెర తీసుకుని, ఎదురుగా వంగిన తోకిలుపె నడుం దాటిన జుట్టుని మెడ దగ్గర కసక్కున కోసింది.

తోకిలుపె తలెత్తకుండా గొణిగింది. "పీట మెత్తగా ఉందా దొరసానీ?"

"కుండ మాడుతోందేమో, పోయి చూసుకో" అంది లోసలీనె.

అంతే. ఆరేళ్ళు మాటల్లేవు. పెద్ద మార్కెట్లో ఎదురుపడితే ఒకతె కొబ్బరికాయల వైపు తిరిగేది, ఇంకోతె చేపల వైపు.

డాక్టరు చెప్పిన రోజే, తోకిలుపె నెత్తురు అడగాలని లోసలీనె తల్లితో అంది. పెలెనైసె ముసలి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆ ఇంటి గుమ్మంలో ఒకసారి అడిగాను, ఇచ్చారు. ఇంకోసారి అడగను. అడిగితే వాళ్ళు ఇచ్చింది వాళ్ళే తిరిగి లాక్కున్నట్టు."

"నన్నేనా లాక్కునేది? నేను చస్తే ఎవరు లాక్కుంటారమ్మా?"

"ప్రార్థన చేస్తున్నాం."

"చెయ్యండి. దానితోపాటు ఫోను కూడా చెయ్యండి."

ఫోను చెయ్యలేదు. ఫెలెతి ఇంకా గొప్ప పని చేశాడు. ఎవరికీ చెప్పకుండా ఒక పందిని, చాపల కట్టని బండిలో వేసుకుని ఒతాహుహు వెళ్ళి, తోకిలుపె ముందుగదిలో కూర్చుని ప్రసంగం చేశాడు. ఫహు ఒంటికి నెత్తురు కావలసి వచ్చిందనీ, మేనమామ ఇంటి మీద ఆడపడుచు పిల్లకి హక్కుందనీ, పూర్వీకుల పేర్లన్నీ వరసగా చెప్పి మరీ అడిగాడు. అడిగాడు కూడా కాదు, తెలియజేశాడు. తోకిలుపె చివరిదాకా విని, పందిని బండెక్కించింది.

తిరిగొచ్చి వరండాలోంచి, గోడతో మాట్లాడుతున్నట్టు, చెల్లెలికి చెప్పాడు. "ఏమందంటే... పంది కావాలంటే పట్టుకుపొమ్మంది. చాపలు కావాలంటే పట్టుకుపొమ్మంది. నెత్తురు కావాలంటే, ఆవిడ కాళ్ళకేం జబ్బు రాలేదుగా, నడిచి రమ్మను అంది."

"హక్కని అడిగావా నువ్వు?" లోసలీనె లేచి కూర్చుంది. "దాని ఒంట్లో నెత్తురుకి?"

"మర్యాదగానే అడిగాను లోసా. అన్నీ పద్ధతి ప్రకారం..."

"నీ పద్ధతి తగలెయ్య! అది నా ముందు చింకి చాపలో వంగిందిరా అన్నయ్యా, నేను జుట్టు కోశాను. దాని దగ్గరకెళ్ళి మళ్ళీ వంగు అన్నావు. నేనైతే ఆ పందిని నీ నెత్తిన వేసేదాన్ని."

గోడ వైపు తిరిగిన ఫెలెతి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని అర్థమై ఆమెకి ఇంకా మండింది. వీళ్ళందరికీ తనకోసం ఏడవడం చేతనవును. పాడడం చేతనవును. పనికొచ్చే ఒక్క మాట, ఒక్క గుమ్మంలో, సరిగ్గా అనడం చేతకాదు. అంతలోనే ఇంకోటి తట్టింది. తనకి మాత్రం చేతనయిందా? ఒతాహుహు తనకీ కిటికీలోంచి కనపడుతూనే ఉంది.

రెండో విడత మందయ్యాక, కణాలు కాస్త తేరుకున్న వారం ఇంటికి పంపారు. జబ్బు అణిగి ఉన్న ఈ కాలం ఎంతో చెప్పలేనంది డాక్టరు. అది తలెత్తాక చేసేదానికీ ఇప్పుడు చేసేదానికీ చాలా తేడా అంది. గుంపుల్లోకి వెళ్ళకు, పొగలో కూర్చోకు అని కూడా అంది. శనివారం పొద్దున లోసలీనె మాస్కు కట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, టాక్సీలో ఒతాహుహు వెళ్ళింది.

తోకిలుపె పెరట్లో ఉంది. శనివారాలు మార్కెట్లో ఆకు పొట్లాలు అమ్ముతుంది. గొయ్యిలో రాళ్ళు ఎర్రగా కాలుతున్నాయి. ఆమె చేమాకులు పరిచి, మాంసం పెట్టి, కొబ్బరిపాలు పోసి మడుస్తోంది. జుట్టు మళ్ళీ నడుం దాకా వచ్చింది. తోకిలుపె మొగుడు ఫహుని చూసి కంగారుగా కుర్చీ తెచ్చాడు, లోపలికి పరుగెత్తి తెల్లచాప తెచ్చాడు. లోసలీనె రెండూ తోసేసి, బోర్లించిన బాల్చీ మీద కూర్చుంది.

తోకిలుపె తలెత్తలేదు. "పొగ తగులుతుంది. ముందుగదిలోకి నడవండి దొరసానిగారూ, చాప పరిపిస్తాను."

"పరిస్తే చింపేస్తాను."

"చింపండి. మీ హక్కేగా."

"తోకిలుపె, ఆ పందిని నేను పంపలేదు."

"ఆపలేదు కూడా."

"నాకు తెలీదు. తెలిస్తే ఆపేదాన్నా అంటే... ఏమో. భయంగా ఉంది. ఆపేదాన్ని కాదేమో."

తోకిలుపె చేతిలో పొట్లం మడత ఆగింది. అంతవరకు ఆ ఇంటి పీటల మీద కూర్చున్నవాళ్ళెవరూ ఆమెతో నిజం మాట్లాడి ఎరగరు. "ఇదిగో, చూడు," అని జడ ముందుకి వేసుకుంది. "నువ్వు కోసింది మళ్ళీ ఇంత రావడానికి ఆరేళ్ళు పట్టింది."

లోసలీనె తల గుడ్డ లాగేసింది. "నాది చూడు."

తోకిలుపె చూసింది. నవ్వకూడదనుకుంది, పెదవి బిగించింది, అయినా ముక్కులోంచి వచ్చేసింది. "ఛీ! అచ్చం మన నాన్న బుర్రే. ఆ వెనక గుంట కూడా. దానిమీద ఈగ వాలితే జారేది."

"మన నాన్నా?"

"మరెవరి నాన్న?"

లోసలీనె తల గుడ్డని నేలకేసి కొట్టింది. "ఆ రోజు ఆ మాట ఒక్కరన్నా అన్నారా? నువ్వన్నావా? అతిథిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు. ఏడిస్తే పీట మర్యాద పోతుందన్నారు. నువ్వు ఆ చింకి చాపలో పడి పొర్లి ఏడ్చావు. నేను నిన్ను చూసి... నేను ఆ చాప కోసం చచ్చిపోయానే. అందుకే అంత పొట్టిగా కోశాను." ఊపిరాడక ఆగింది. "ఉందా అది?"

"ఏది?"

"ఆ చాప."

"గ్యారేజీలో ఉంది. సగం ఎలుకలు కొట్టేశాయి."

"ఇవ్వు."

"నెత్తురడగడానికొచ్చి చాప అడుగుతున్నావేంటి?"

"రెండూ అడుగుతున్నాను. ముందు చాప. అది ఇస్తే నేను ఆయన కూతుర్ని, నీ తోడబుట్టినదాన్ని. అప్పుడు నెత్తురడుగుతాను, నువ్వు కాదన్నా ఏమీ అనను. చాప ఇవ్వకపోతే నీ నెత్తురూ వద్దు. ఫహునని చెప్పి నీ దగ్గర చుక్క తీసుకోను. పోయి నా చావు నేను చస్తాను."

"బెదిరిస్తున్నావా?"

"అవును."

తోకిలుపె చేతులు గౌనుకి తుడుచుకుని లేచింది. "ఇదిగో, ఇప్పుడు అక్కలా ఉన్నావు."

చాప దుమ్ము దులిపేటప్పుడు లోసలీనెని గేటు అవతల నిలబెట్టింది. ఎలుకలు కొట్టిన భాగం కత్తిరించేసి, మిగతాది తనే చుట్టి, తాడుతో బిగించింది. అది లోసలీనె గడ్డానికి గుచ్చుకుంది. తోకిలుపె మొగుడు ఇటు చూడలేక రాళ్ళు సర్దుతూ ఉండిపోయాడు. అంతటి మనిషిని అలా చూడడం తప్పు. లోసలీనె బాల్చీ మీద కాదు, నేల మీద కూర్చుంది. అప్పుడు ఏడ్చింది, గట్టిగా, పక్కిళ్ళవాళ్ళు కంచె మీదుగా తొంగి చూసేలాగా.

అదే చాపతో ఇంటికొచ్చింది. గుమ్మంలో పెలెనైసె చూసి గుండె పట్టుకుంది. "ఎవరు పోయారు?"

"మా నాన్న."

"ఆరేళ్ళయింది!"

"నాకివాళే."

ముసలామె మొహం నల్లబడింది. "నేను అడిగి తెచ్చుకున్నాను నిన్ను. దొంగిలించలేదు. ఊరంతా చూస్తుండగా ఆ చింకి చుట్టుకుని వచ్చావు. నేను నీకేమీ కాననా?"

"నువ్వు మా అమ్మవి. వాళ్ళు మా అన్నలు. ఆయన మా నాన్న, అది మా చెల్లెలు. ఇందులో ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధమవాలని ఎవడు రాశాడు? ఆ భయంతోనే కదా మీరంతా నోళ్ళు కుట్టుకున్నారు. నెల పైన పోయింది నాకు." పెలెనైసె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏడవకు. నిన్ను ఓదార్చే ఓపిక నాకిప్పుడు లేదమ్మా. బతికితే ఓదారుస్తాను."

తోకిలుపె నెత్తురు కలిసింది. పూర్తిగా. నలుగురిలో ఒకరికి కలిసే మాట అది, కలవకపోవడమే మామూలు. ఫెలెతి వరండాలో మోకాళ్ళ మీద పడ్డాడు. డాక్టర్ హెన్‌షా మాత్రం సంతోషపడ్డాక వెంటనే ముఖం మామూలుగా పెట్టుకుంది. "ఇది మంచి విషయం, చాలా మంచిది. కానీ క్రోమోజోములు మారవు. కొత్త కణాలు నాటుకోవాలి, అవి మీ ఒంటి మీద తిరగబడకూడదు, మధ్యలో ఏ జ్వరమూ రాకూడదు. ఆ నెల ఊరికే పోకుండా ఉంటే ఇంకాస్త నిశ్చింతగా ఉండేదాన్ని."

"నేనూ ఉండేదాన్ని" అంది లోసలీనె.

తోకిలుపెకి కొన్ని రోజులు సూదులు వేశారు. ఎముకలు నొప్పని ఆసుపత్రంతా వినపడేలా మొత్తుకుంది. తర్వాత ఒక చేతి నుంచి నెత్తురు తీసి, యంత్రంలో తిప్పి, కావలసింది ఉంచుకుని, మిగతాది రెండో చేతికి ఎక్కించారు. ఆ పొద్దంతా ఆమె కదలకుండా పడుకుంది. పెలెనైసె వచ్చింది. మోకాళ్ళు వంగని మనిషి, తమ్ముడి ఇంట్లో చిన్నపిల్లలు కూడా తలెత్తి చూడని మనిషి, సంచిలోంచి ఆకు పొట్లం తీసి, విప్పి, మేనకోడలి నోటికి చెంచాతో అందించింది. రెండు చేతులకీ గొట్టాలున్నాయి కాబట్టి తోకిలుపె నోరు తెరిచి తినక తప్పలేదు.

"ఉప్పు తక్కువైంది అత్తా" అంది నమిలి.

"నోరుమూసుకుని తిను" అంది పెలెనైసె. ఇంకో చెంచా నోట్లో పెట్టింది.

లోసలీనె గదిలో తోకిలుపె కణాల సంచి వేలాడదీశారు. టమాటా పులుసు రంగులో ఉంది. గాజు తలుపు అవతల నిలబడి తోకిలుపె ఫోనులో అరిచింది. "ఏమైనా తెలుస్తోందా?"

"నోట్లో కుళ్ళిన మొక్కజొన్న వాసన. నువ్వేం తిన్నావే?"

"మీ అమ్మ వంట!"

కొన్ని వారాల తర్వాత కణాలు మొలిచాయి. కొత్తవి, తోకిలుపెవి. ఇంటికి పంపారు. జబ్బు తిరిగొస్తుందా రాదా అన్నది ఇంకా ఎవరూ చెప్పరు. డాక్టరు చెప్పదు, చెప్పమని లోసలీనె అడగదు. ఫెలెతి చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టించాడు. పీఠం మీంచి పాస్టరు, ఈ సోదరి విశ్వాసమే ఈమెని నిలబెట్టిందని చెబుతుంటే, చివరి వరసలో మాస్కు కట్టుకుని కూర్చున్న లోసలీనె లేచి నిలబడింది.

"నిలబెట్టింది మా చెల్లెలు" అంది. "పేరు తోకిలుపె. అక్కడ కూర్చుంది. మీలో ఇంతమంది ఉన్నారు, దాతల పట్టికలో ఎంతమంది పేరు రాయించుకున్నారు? చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"సరే. ఇప్పుడు పాడండి" అని కూర్చుంది.

ఆ చింకి చాప మాత్రం ఇంకా గొడవగానే ఉంది. చుట్టాలు వస్తున్నారంటే పెలెనైసె దాన్ని మడిచి మంచం కింద తోస్తుంది. వాళ్ళు కూర్చోగానే లోసలీనె వెళ్ళి లాక్కొచ్చి, ముందుగదిలో కుర్చీ మీద, అందరికీ కనపడేలా వేస్తుంది. "దుమ్ము, జబ్బు మనిషివి" అంటుంది తల్లి. "నువ్వు మంచం కింద దాచకపోతే దుమ్మెందుకు పడుతుంది?" అంటుంది కూతురు. నిన్న కూడా అన్నారు.